నలభై నిమిషాలు

అక్టోబరు 11, 2011, మంగళవారం

ఆఖరి రోజు ఎలా జరిగిందో అలాగే రాసిపెట్టుకోవాలి. ఇప్పటికే కొన్ని జారిపోతున్నాయి.

సెప్టెంబరు 28, బుధవారం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. ఇంట్లో ఐదు రోజులుగా నీళ్ళు లేవు. బోరు మోటరు కాలిపోయింది, బాగుచేసే షాపు మూసి ఉంది, ట్యాంకర్లు తిరగడం లేదు. పక్కింటి నర్సింహ గారి బోరు నుంచి అమల, మా అమ్మాయి సింధూర బిందెలతో మోసుకొచ్చారు. సింధూర ఇంటర్ రెండో ఏడు. కాలేజీ మూసి ఉంది కాబట్టి ఇంట్లోనే ఉంది.

నేను ఎనిమిదింటికి నాదర్‌గుల్ వెళ్ళాను. అక్కడ ఒక ఫామ్‌హౌస్ డాబా మీద సోలార్ హీటరు బిగించే పని. అమల దోసెలు వేసింది. ఒకటి తిని లేచాను. రెండోది పెనం మీద ఉంది.

పదకొండున్నరకు జానయ్య ట్యాంకరు తెచ్చి మా సంపు నింపి వెళ్ళాడు. పన్నెండింటికి సంపు మోటరు వేశారు. సంపులోంచి నీళ్ళు పై ట్యాంకుకి, అక్కడి నుంచి మా సోలార్ హీటరుకి వెళ్ళాయి. సోలార్ గాజు గొట్టాలు పగిలాయి. అప్పుడు అమల మెట్ల గది కప్పు మీద, సోలార్ పక్కన ఉంది. ఆ కప్పుకి పిట్టగోడ లేదు. శబ్దానికి అదిరి వెనక్కి అడుగేసింది. కింద డాబా మీద పడింది. తల వెనక దెబ్బ.

నర్సింహ గారి కారులో తీసుకెళ్ళాం. ఎల్.బి.నగర్ చౌరస్తాలో రాస్తారోకో. రోడ్డుకి అడ్డంగా జానయ్య ట్యాంకరు. ఆలస్యమైంది. దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు: "ఒక్క ముప్పావుగంట ముందు తెచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాళ్ళం."

రెండు గంటల పది నిమిషాలకు పోయింది.

ఇంతే.


అక్టోబరు 12

సింధూర తనంతట తాను మాట్లాడటం లేదు. అడిగినదానికి జవాబు చెబుతోంది.

వంటింటి క్యాలెండరులో ట్యాంకరు వచ్చిన రోజుల చుట్టూ అమల సున్నా చుట్టేది. సెప్టెంబరు 28 చుట్టూ కూడా సున్నా ఉంది. అంటే పైకి ఎక్కేముందు ఇది చేసి వెళ్ళింది.


అక్టోబరు 13

పట్టాభి వచ్చాడు. అమల తమ్ముడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు పిల్లల హాస్టలు నడుపుతాడు. గదులన్నీ ఖాళీ. వాడికి అక్క పోయింది, ఊరు కూడా పోతుందని భయం. రెండూ కలిసిపోయి ఒకే కోపంగా మాట్లాడతాడు.

"బావా, వచ్చే శుక్రవారం జానయ్య బెయిలు కోర్టుకొస్తోంది. 21న. మీరు మెత్తబడకండి."

"నేనేం అన్నాను?"

"అనరు. అదే భయం. మనం తెనాలి నుంచొచ్చి ఇరవై ఏళ్ళయింది. రోడ్డు మీద ఒకడు ట్యాంకరు అడ్డం పెట్టి మనింటి ఆడమనిషిని చంపితే నోరు మూసుకు కూర్చుందామా?"

ఫిర్యాదు నాలుగో రోజున వాడే రాశాడు. నేను సంతకం పెట్టాను. "చౌరస్తా వద్ద జానయ్య అను ట్యాంకరు యజమాని దారి ఇవ్వక మా కారును నలభై నిమిషములు నిలిపివేసినందున" అని ఉంది అందులో. జానయ్య జైలుకి వెళ్ళి పన్నెండు రోజులు.

"ఆ రోజు నువ్వు కారులో లేవు కదా పట్టాభీ."

"మీరున్నారుగా. ఆసుపత్రి వరండాలో నా భుజం పట్టుకుని ‘నలభై నిమిషాలు పోయాయి పట్టాభీ’ అని ఏడ్చింది మీరేగా. నేను కల్పించి రాశానా?"

లేదు. ఆ మాట నేనే అన్నాను.


అక్టోబరు 14

మధ్యాహ్నం గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"నేను జానయ్య పెండ్లాన్ని సారూ. ముత్తమ్మ. గడ్డిఅన్నారం మార్కెట్ల బత్తాయిలు ఏరుతా."

మంచినీళ్ళు కావాలా అని అడిగాను. నా ఇంట్లో నేను ఆమెని అడగకూడని మాట అదొక్కటే.

"నీళ్ళా?" అంది. నవ్వలేదు. "మీ నీళ్ళ కోసమే గద సారూ ఇదంత. సమ్మెల ట్యాంకరు తియ్యొద్దని అందరు అనుకున్నరు. గా పొద్దున మీ ఇంటమ్మ ఫోన్ చేసింది. నేనన్న, ఎందుకయ్యా, తిట్లు పడతవ్ అని. ‘ఆడపిల్ల ఉన్న ఇల్లే, ఐదు దినాల సంది నీళ్ళు లేకుంటే ఎట్లనే’ అన్నడు. తిట్లు పడి తెచ్చిండు. తెచ్చి పోసినందుకు జైలా?"

"దానికి కాదమ్మా. రోడ్డు..."

"రోడ్డు మీద అడ్డం పెట్టిండు. అవు. అందరు పెట్టిన్రు. మీ కారు కనవడంగనే ఎనకకు తీసిండా లేదా? నువ్వు ఎనక సీట్ల అమ్మ తల ఒళ్ళో పెట్టుకొని దండం పెట్టినవంట. చౌరస్తా దాటేదాంక కారు ముంగట ఉరికిండు, జనాన్ని జరుపుకుంట. చెప్పు తెగిపోయింది. ఒంటి కాలి చెప్పుతోని ఇంటికొచ్చిండు. వచ్చి ఏడ్చిండు సారూ. నా మొగడు ఏడ్వంగ నేను సూడలే ఎప్పుడు."

"లాయరు చూసుకుంటాడమ్మా."

"లాయరెందుకు, నువ్వున్నవ్ గద."

ఆమె చాలాసేపు చూసింది.

"కడుపుల పుండు ఆయనకు. గా జైలు బువ్వ పడ్తలేదు. ఎవరికి చెప్పాలె నేను? నువ్వన్న చెప్పు, ఎవరికి చెప్పాలె?"

వెళ్ళిపోయింది. గేటు తనే వేసి వెళ్ళింది.


అక్టోబరు 15

దండం పెట్టానా? గుర్తులేదు. అమల జుట్టులో గాజు పెంకులున్నాయి, అవి తీస్తూ ఉన్నాను. అది గుర్తుంది.

నలభై నిమిషాలు పోయిన మాట నిజం.


అక్టోబరు 16, ఆదివారం

నర్సింహ గారు గోడ అవతలి నుంచి పిలిచారు. ఈ కాలనీ ఒకప్పుడు వాళ్ళ జొన్నచేలు. మా ప్లాటు వాళ్ళ నాన్న అమ్మిందే. ఇరవై ఏళ్ళలో ఆయన నాతో ఇంత మెల్లగా మాట్లాడటం ఇదే మొదటిసారి.

"ముత్తమ్మ వచ్చిందంట గద."

"వచ్చింది."

"ఏమన్నవ్?"

"ఏమీ అనలేదు."

"గదే అనుకున్న. నోరు ఇప్పితె అసలు సంగతి చెప్పాలె గద, గదే పరేషాన్." చేతిలో వేపపుల్ల చూసుకుంటూ ఉన్నారు. "సారూ, గా దినం కారు నేను నడిపిన. చౌరస్తా కాడ ఎంతసేపు ఆగినం?"

"గడియారం చూడలేదండీ."

"నేను సూసిన. ఐదు నిమిషాలు. జర ఎక్కువ ఏస్తే ఆరు. మరి గా కాయితంల నలభై ఎట్లయింది? గంత లెక్క తప్పే మనిషివి కాదు నువ్వు. నా డాబా మీద సోలార్ పెడితె అర అంగుళం వాలు తక్కువైందని ఇప్పి మళ్ళ పెట్టినవ్."

నేను గోడ మీంచి చెయ్యి తీశాను.

"పడంగనే కారు తెచ్చి మీ గేటు ముంగట పెట్టిన. ఇంజన్ బంద్ చెయ్యలే. నీ బిడ్డ ఫోన్ పెట్టేసి ‘నాన్న వచ్చేదాకా కదపొద్దన్నాడు అంకుల్’ అన్నది. ఆగిన. గా నలభై నిమిషాలు ఏడ పోయినయో నీకు ఎర్కే, నాకు ఎర్కే."

"మరి పోలీసులకి మీరు ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవడు అడిగిండు? అడగకముందే పోయి చెప్తె, పెండ్లాం పోయిన మనిషి మీద పడ్డవేందిరా అంటరు. నా నోట్ల నుంచి వస్తె గది లొల్లి అయితది. అటోళ్ళు, ఇటోళ్ళు అయితది. నీ నోట్ల నుంచి రావాలె."

వాళ్ళావిడ లోపలి నుంచి టీ అని పిలిచింది. ఆయన వెళ్ళకుండా అక్కడే కాసేపు ఉన్నారు.


అక్టోబరు 17

తలకి దెబ్బ తగిలినవాళ్ళని కదపకూడదని ఎక్కడో చదివాను. అందుకే అలా చెప్పాను. తప్పు మాట కాదు.

నాదర్‌గుల్ నుంచి ఇంటికి బండి మీద నలభై నిమిషాలు. మామూలు రోజుల్లో ఇంకా తక్కువే.


అక్టోబరు 18

సాయంత్రం సింధూర నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, సోలార్ ఎలా పనిచేస్తుందో చెప్పు. మొత్తం."

పద్నాలుగేళ్ళుగా రోజుకి నలుగురికి చెబుతున్న పాఠం. దీనికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాను. నేను చెబుతుంటే తను బొమ్మ వేసింది.

పైన అడ్డంగా గుండ్రటి ట్యాంకు. దాని పొట్టలోంచి కిందికి ఏటవాలుగా ఇరవై గాజు గొట్టాలు. దక్షిణం వైపు తిప్పి పెడతాం, రోజంతా ఎండ పడేలా. ఒక్కో గొట్టం రెండు పొరల గాజు, ఫ్లాస్కు లోపల ఉన్నట్టు. రెండు పొరల మధ్య గాలి తీసేసి ఉంటుంది. లోపలి పొర మీద నల్లటి పూత. ఎండ లోపలికి వస్తుంది, వేడి తిరిగి బయటికి పోలేదు. గొట్టంలో నీరు కాగి తేలికై పైకి, ట్యాంకులోకి చేరుతుంది. ట్యాంకులోని చల్లనీరు బరువు కాబట్టి గొట్టంలోకి దిగుతుంది. అది కాగి పైకి పోతే ఇంకొంత దిగుతుంది. ఎవరూ తోయక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. సాయంత్రానికి ట్యాంకంతా కాగుతుంది. ట్యాంకు చుట్టూ రెండంగుళాల ఫోము, తెల్లారేదాకా వేడి నిలవడానికి. మన బోరు నీళ్ళ ఉప్పుకి ట్యాంకు తుప్పు పడుతుంది కాబట్టి లోపల ఒక లోహపు కడ్డీ పెడతాం, ట్యాంకుకి బదులు అది అరుగుతుంది.

"పైన ఈ సన్న గొట్టం?"

"గాలి గొట్టం. ఆవిరి పోవడానికి. ట్యాంకు నిండిందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది."

"దాన్ని చూడటానికే అమ్మ ఎక్కింది."

"అవును."

"వేడినీళ్ళు బయటికి ఎక్కడి నుంచి వస్తాయి?"

"ట్యాంకు పై భాగం నుంచి. చల్లనీళ్ళ పైపు అడుగున చేరుతుంది. అడుగున చల్లవి వచ్చి తోస్తే పైనున్న వేడివి కుళాయికి వెళ్తాయి."

రాసుకుంది. తర్వాత పెన్సిలు కదపలేదు.

"గొట్టాల్లో నీళ్ళు లేకపోతే?"

"ఎండకి గాజు కాలుతుంది. రెండొందల డిగ్రీల దాకా."

"అప్పుడు చల్లనీళ్ళు పడితే పగులుతుంది."

"ఊఁ."

"నువ్వు కస్టమర్లకిచ్చే కాగితంలో ఆరో పాయింటు. ట్యాంకు ఎండిపోతే పగటిపూట నింపకండి, సూర్యాస్తమయం అయ్యాక నింపండి. మొన్న చదివాను. మోటరు స్విచ్చి వేసింది నేను. పన్నెండింటికి."

"నీకు తెలియదు సింధూ."

"తెలియదు. అమ్మ వెయ్యమంది, వేశాను. కానీ నాన్నా, నాకు ఒకటి అర్థం కాలేదు. తోసే చల్లనీళ్ళు లేకపోతే వేడినీళ్ళు బయటికి రావు కదా. పై ట్యాంకు ఐదు రోజులు ఖాళీగా ఉన్నా సోలార్ ట్యాంకు నిండే ఉండాలి. గొట్టాలూ నిండే ఉండాలి. నీళ్ళు ఎటు పోయాయి?"

నేను చెప్పాను: "పాతది కదా. ఎక్కడో కారి ఉంటుంది."

‘కారి ఉంటుంది’ అని రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.


అక్టోబరు 19, ఉదయం

కారలేదు.

చల్లనీళ్ళ పైపు సోలార్ ట్యాంకులో చేరేచోట ఒక ఇత్తడి వాల్వు ఉండాలి. నీళ్ళని లోపలికే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. అది లేకపోతే, పై ట్యాంకు ఎండినప్పుడు కింద ఎవరైనా కుళాయి తిప్పితే, సోలార్ నీళ్ళు వచ్చిన దారినే వెనక్కి దిగి కుళాయిలో కారిపోతాయి. ట్యాంకు ఖాళీ అయ్యాక గొట్టాల్లో మిగిలినవి ఎండకి ఆవిరైపోతాయి. నాలుగైదు రోజులు చాలు.

మా ఇంట్లో ఆ వాల్వు జూన్ దాకా ఉంది. జూన్‌లో అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒకరికి గృహప్రవేశం. తెల్లారితే ముహూర్తం. వాల్వు ఒకటి తక్కువైంది, షాపులు మూసేశారు. ఇంటికి వచ్చి మాది విప్పి తీసుకెళ్ళాను. ఆ చోట ఉత్త పైపు ముక్క బిగించాను. మనింట్లోదే కదా, రేపు పెట్టుకోవచ్చు అనుకున్నాను. కస్టమరు ఇంట్లో అలాంటి పని ఎన్నడూ చెయ్యను.

నీళ్ళు ఆగిపోయిన మొదటి రోజు, అమల వంటింట్లోంచి అంది: "ఏమండీ, ఇదేంటి, చల్లనీళ్ళ కుళాయిలో గోరువెచ్చగా వస్తున్నాయి! పోనీలెండి, గిన్నెలకి పనికొస్తాయి." బకెట్లు పెట్టి పట్టింది. సంబరపడింది.

ఆ మాట నేను విన్నాను. పేపరు చదువుతూ విన్నాను. పద్నాలుగేళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నాను.


అక్టోబరు 19, మళ్ళీ

రాయడం మొదలుపెట్టాను కాబట్టి ఇదీ రాయాలి. మొదటి రోజు రాసినదాంట్లో "మోటరు వేశారు" అని రాశాను. ఎవరు వెయ్యమన్నారో రాయలేదు.

పన్నెండుకి పది నిమిషాలుండగా అమల ఫోన్ చేసింది.

"జానయ్య వచ్చాడండీ, పాపం. సంపు నిండింది. మోటరు ఇప్పుడే వెయ్యనా, సాయంత్రం దాకా ఆగనా?"

ఆమె అడిగింది. ఆరో పాయింటు ఆమెకి తెలుసు. ఆ కాగితం అచ్చుకి ఇచ్చేముందు తప్పులు దిద్దింది ఆమే.

ఫామ్‌హౌస్ ఆసామి నా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను అన్నాను: "మన ట్యాంకు ఎందుకు ఎండుతుంది? ప్రతిదానికీ ఫోన్ చేస్తే ఎలా అమలా? వేసెయ్. పైకెక్కి గాలి గొట్టంలో నీళ్ళొస్తున్నాయో లేదో చూడు."

"సరేనండీ" అంది.

పన్నెండూ పదికి సింధూర ఫోన్ చేసింది. అమ్మ పడిపోయిందని, నర్సింహ అంకుల్ కారు తెచ్చారని. నేను వచ్చేదాకా కదపొద్దన్నాను. ఎక్కడో చదివి చెప్పిన మాట కాదు. అలాంటిదేదీ ఆ క్షణంలో గుర్తు రాలేదు. నేను లేకుండా ఏదీ జరగకూడదనుకున్నాను, అంతే. పన్నెండూ యాభైకి ఇల్లు చేరాను.

పట్టాభి భుజం పట్టుకుని నలభై నిమిషాలు పోయాయన్నది వీటి గురించే. వాడు చౌరస్తా అనుకున్నాడు. నాలుగో రోజు కాగితం నా ముందు పెట్టినప్పుడు చదివాను. పూర్తిగా చదివాను. సంతకం పెట్టాను. పెట్టగానే ఊపిరి ఆడినట్టనిపించింది.


అక్టోబరు 20, గురువారం

మధ్యాహ్నం అన్నం తిన్నాక సింధూరకి చెప్పాను. వాల్వు, ఫోను, నలభై నిమిషాలు. వరసగా చెప్పాను. స్విచ్చి ఎవరు వేసినా ఒకటే అని, వెయ్యమన్నది నేనని చెప్పాను.

తను కంచం ముందు నుంచి లేవలేదు. చెయ్యి ఎండిపోతోంది.

"అంకుల్ అంటూనే ఉన్నారు," అంది చివరికి. "‘పోదాం పా బిడ్డా, మీ నాన్న దవాఖానకే వస్తడు’ అని. నేనే వద్దన్నాను. నువ్వు చెప్పావని. అమ్మ ఒకసారి కళ్ళు తెరిచింది. ‘మీ నాన్న వచ్చారా’ అంది. వస్తున్నారన్నాను."

ఇది నాకు ఇంతవరకు చెప్పలేదు.

ఇంకేమైనా అంటుందని ఆగాను. కంచం తీసుకుని లేచి వెళ్ళింది. గది తలుపు వేసుకుంది. గడియ పెట్టుకున్న చప్పుడు వినిపించింది. దాని వయసులో నేనైతే ఇల్లు వదిలిపోయేవాణ్ణి.

నాలుగింటికి పట్టాభికి ఫోన్ చేశాను.

"బావా, మీకు మతి పోయింది. దుఃఖంలో ఉన్నారు. ఎవరు మీ మెదడులో పెట్టారు ఇది? ఆ నర్సింహేనా?"

"కాదు. నేను కారులో ఉన్నాను పట్టాభీ. ఐదు నిమిషాలే ఆగాం."

"అబద్ధపు ఫిర్యాదని మీ మీద కేసు పెడతారు. తెలుసా?"

"పెట్టనీ."

"పిల్ల ఏమవుతుంది? రేపు పేపర్లో వస్తుంది. చూశారా ఆంధ్రావాళ్ళు ఎలా అబద్ధాలాడతారో అని మొత్తం కాలనీ... మా అక్కని మీరే చంపుకున్నారని రాసిస్తారా?"

"జరిగింది రాసిస్తాను."

వాడే ఫోన్ పెట్టేశాడు. వాడు ఇక ఈ ఇంటికి రాడు.

సాయంత్రం నర్సింహ గారింటికి వెళ్ళాను. పొద్దున తొమ్మిదింటికి కారు కావాలన్నాను. ఎక్కడికని అడగలేదు. "ఎనిమిదిన్నరకే పెడత. కోర్టు పదిన్నరకు," అన్నారు. నేను గేటు దాటుతుంటే, "సాక్షి కావాలంటే నేనున్న," అన్నారు.

సింధూర గడియ ఇంకా తియ్యలేదు. గది బయట నిలబడి, రేపు స్టేషనుకు వెళ్తున్నానని చెప్పాను. లోపలి నుంచి, "ఎన్నింటికి?" అంది. చెప్పాను. వస్తుందో రాదో తెలియదు. రమ్మని అడగను.

రేపు పొద్దున తొమ్మిదింటికి స్టేషనులో ఉంటాను. కోర్టు మొదలయ్యేలోగా నా ఫిర్యాదు తప్పని, జానయ్య మాకు దారి ఇచ్చాడని, ఆ నలభై నిమిషాలు నేను వచ్చేదాకా ఆపించినవని నా చేత్తో రాసిచ్చి, కింద సంతకం పెడతాను. ముత్తమ్మ రోజూ పొద్దున్నే వచ్చి స్టేషను మెట్ల మీద కూర్చుంటోందట. ముందు ఆమెకి చెబుతాను. ఆమె ఏమన్నా నిలబడి వింటాను. తర్వాత లోపలికి వెళ్తాను.